లోకల్ లంగ్

ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో, డొరోతియో హోసే స్టేషన్‌లో దిగి రెక్తో వైపు వంతెన మీద నడుస్తుంటే నా కుడి బూటు నోరు తెరిచింది. కొంచెం కాదు, వేళ్ల దగ్గర్నుంచి మడమ దాకా సోల్ మొత్తం ఊడి టపటపా కొట్టుకుంటోంది. గుంటూరులో ఒక షాపులో రెండు వేల ఎనిమిది వందలు పోసి కొన్న జత అది, "లోకల్ కాదు సార్, ఇంపోర్టెడ్" అని ఆ కుర్రాడు ఎంత గొప్పగా చెప్పాడో. మా అబ్బాయి పగలబడి నవ్వాడు, నాకు ఒళ్లు మండింది. అసలే 2024 ఏప్రిల్ ఆఖరు వారం, ఎండలకి అక్కడ పిల్లల్ని స్కూళ్లకి కూడా రావద్దన్నారు. గుంటూరోడికి ఎండేం లెక్క అనుకుని దిగాను గానీ అది మన ఎండ కాదు. మనది కాలుస్తుంది, అది ఉడకబెడుతుంది.

మావాడు మనీలాకి దక్షిణాన లాస్ పిన్యాస్‌లో మెడిసిన్ చదువుతున్నాడు. గోంగూర పచ్చడి, కందిపొడి మోసుకుని పది రోజులకని వెళ్లాను. తగాయ్‌తాయ్, ఇంత్రామురోస్ అందరూ చూసేవే, నేనూ చూశాను, వాటి గురించి నేను కొత్తగా రాసేదేం లేదు. నాకు గుర్తుండిపోయింది ఈ బూటు గొడవే.

వంతెన కింద ఒక ముసలాయన రిపేరు పెట్టె పెట్టుకుని కూర్చున్నాడు. రగ్బీ అంటారు అక్కడ, ఘాటుగా వాసనొచ్చే పసుపు గమ్ము, అది పూసి, నొక్కి, చుట్టూ నాలుగు కుట్లు వేశాడు. బూటు తిరగేసి చూసి "ఇంపోర్టెడ్?" అన్నాడు. అవునన్నాను. "సయాంగ్" అన్నాడు, అయ్యో దండగ అని దానర్థమట. తర్వాత తన కాళ్లకున్న నల్లబూట్లు చూపించి "మారికినా" అన్నాడు, అక్కడికి దగ్గర్లోనే బూట్లు కుట్టే ఊరు అది, ఏడేళ్లు అన్నట్టు వేళ్లు చూపించాడు, తర్వాత ఎందుకో సిగ్గుపడుతూ "లోకల్ లంగ్" అన్నాడు. లంగ్ ఏంట్రా, ఊపిరితిత్తులా అంటే మావాడు మళ్లీ నవ్వాడు. "లంగ్ అంటే 'అంతే' అని నాన్నా. లోకలేలెండి, అంత గొప్పదేం కాదు అని. ఇక్కడ ఏదైనా బావుందంటే చాలు, ఆ మాట అనేస్తారు."

ఆ మాట నన్ను పట్టుకుంది. ఏడేళ్లు నడిచిన బూటుకి సిగ్గుపడటం ఏంటి, ఏడు నెలలకి నోరు తెరిచినదాన్ని చూసి దండగ అనడం ఏంటి. దివిసోరియా బజారులో చౌక సరుకు కొందామని బయల్దేరినవాళ్లం అటు వెళ్లనే లేదు. రెక్తోలో రెండో లైను రైలెక్కి మారికినా–పసిగ్ స్టేషన్‌లో దిగాం.

అసలు పొద్దున జీప్నీలోనే ఈ లోకల్, ఇంపోర్టెడ్ విషయం మొదలైంది, నాకే అర్థం కాలేదు. జపోతే నుంచి బక్లారన్ దాకా ఎదురెదురు బెంచీల మీద మోకాళ్లు తగిలేట్టు కూర్చుని వచ్చాం, అప్పటి కనీస ఛార్జీ పదమూడు పెసోలు, అంటే మన ఇరవై రూపాయలు. డబ్బులు చేతులు మారుతూ డ్రైవర్ దాకా వెళ్లి, చిల్లర అలాగే వెనక్కొస్తుంది, ఒక్క రూపాయి తేడా రాదు. (మన షేర్ ఆటోలో ఇది ఊహించండి.) ఈ జీప్నీలు చేసే సరావో షెడ్డు ఆ లాస్ పిన్యాస్‌లోనే ఉంది, 1953 నుంచీ. యుద్ధం అయ్యాక అమెరికా సైన్యం వదిలేసిపోయిన జీపుల్ని సాగదీసి చేసిన బండి, ఇప్పటికీ చాలావాటికి ఇంజిన్ జపాన్ సెకండ్ హ్యాండుదే. మరి అది లోకలా, ఇంపోర్టెడా? దాన్ని తీసేసి ఏసీ మినీబస్సులు పెట్టాలని ప్రభుత్వం పట్టుదల. వాటిలో చైనా నుంచి వచ్చేవీ ఉన్నాయి, ఒక్కోటి ఇరవై లక్షల పెసోలు దాటుతుంది. మేం ఎక్కిన బండి యజమానులు ఏదో ఒక సహకార సంఘంలో చేరడానికి ఆ ఏప్రిల్ 30 ఆఖరు గడువు. మేం ఆ ఊసెత్తగానే మా డ్రైవర్ హారన్ గట్టిగా కొట్టాడు, అంతే, ఇంకేం చెప్పలేదు.

మారికినా పాతవీధిలో బూట్ల మ్యూజియం ఉంది. ఒకప్పుడు బియ్యం మిల్లుగా, జైలుగా కూడా వాడిన బిల్డింగట. లోపల ఒకప్పటి అధ్యక్షుడి భార్య ఇమెల్డా మార్కోస్ జోళ్లు, వందల జతలు, అద్దాల వెనక. 1986లో ఆ మొగుడూ పెళ్లాలు రాజభవనం వదిలి పారిపోయినప్పుడు ఆ జోళ్ల లెక్క పేపర్లో చదివి మా నాన్న "కాళ్లు ఎన్నున్నాయట ఆవిడకి" అన్న సంగతి గుర్తొచ్చింది. ఎక్కువ భాగం అరిగిన గుర్తే లేదు. ఫ్రాన్సు, ఇటలీ పేర్లున్న వాటి పక్కనే మారికినాలో కుట్టినవీ ఉన్నాయి, నా కళ్లకి తేడా తెలియలేదు. నాకు అంతకంటే నచ్చింది కపితాన్ మోయ్ సంగతి. లౌరియానో గెవారా ఆయన అసలు పేరు. 1887లో విదేశీ బూట్ల జత ఒకటి విప్పదీసి, ముక్కముక్కా చూసి, అలాగే కుట్టడం నేర్చుకుని, ఊళ్లో వాళ్లకి నేర్పాడు. అంటే ఈ ఊరి పనంతా ఒక ఇంపోర్టెడ్ బూటు పొట్ట చీలిస్తే పుట్టిందే.

పక్క వీధిలో షాపుకి వెళ్లాం. యాభై దాటిన ఆవిడ, మావాడు "ఆతే" అన్నాడు, మన అక్కా అన్నట్టు. నల్ల లెదర్ బూట్లు తీసింది. లోపల చూస్తే ఇటలీ పేరులా ఉన్న ముద్ర. ఇదేంటి, మారికినా అన్నారుగా అంటే ఆవిడ నొచ్చుకోకుండా చెప్పింది, "మారికినా అని రాస్తే సగం ధరకి అడుగుతారు." తోలు బులకాన్ జిల్లా మెయ్‌కావయాన్‌లో శుద్ధి చేసింది, కుట్టింది వెనక గదిలో వాళ్ల మరిది, సోల్ మాత్రం చైనా నుంచి. తొంభైల్లో దిగుమతులకి తలుపులు తెరిచాక చౌక జోళ్లు వచ్చిపడి వీధిలో సగం షెడ్లు మూతపడ్డాయట, 2009 వరద మిగిలినవాళ్ల మిషన్లు ముంచిందట. ఏడుస్తూ చెప్పలేదు, పెట్టెలు సర్దుకుంటూ చెప్పింది. నేను మాత్రం సిగ్గులేకుండా బేరమాడాను. రెండు వేల రెండొందలు చెప్పింది, పద్దెనిమిది వందలకి ఇచ్చింది. మన లెక్కలో రెండు వేల ఆరొందలు, ఊడిన బూటు కంటే రెండొందలు తక్కువ. మావాడు దారంతా నన్ను తిట్టాడు, ఇంత విన్నాక కూడా నాలుగొందలు కొట్టేశావు అని. వాడి కాళ్లకున్నదేమో ఏదో పెద్ద కంపెనీ గుర్తు అచ్చేసిన నకిలీ జత, "క్లాస్ ఏ" అట, అందులోనూ గ్రేడులు!

తిరిగొచ్చేటప్పుడు ట్రైసికిల్ స్టాండులో మన బజాజ్ ఆటో. మనది అని నేను దాని మీద చెయ్యేస్తే డ్రైవర్ గర్వంగా "ఇంపోర్టెడ్, సర్" అన్నాడు. ఆ రాత్రి మెస్సులో అన్నం వియత్నాం బియ్యం. ఐఆర్-8 వరి పుట్టిన దేశం ఇది, మా తాత దాన్ని నాటి పుట్లు పండించాడు, ఆ దేశం వాళ్లు బియ్యం కొనుక్కుంటున్నారు. అక్కడి సొంత సాన్ మిగెల్ బీరు దగ్గర మాత్రం ఎవరూ లంగ్ అనరు, గమనించాను.

ఇంటికొచ్చాక మా బావమరిది బూటు చేతిలోకి తీసుకుని లోపలి ముద్ర చదివి, "ఫారిన్‌వి ఫారిన్‌వే బావా, ఆ కుట్టు చూడు" అన్నాడు. వాడికి మారికినా గురించి మొత్తం చెప్పాను, వింటూ వింటూ ఫోన్ చూసుకున్నాడు.

కుట్టు గట్టిదే. కానీ ఎడమది కరుస్తోంది. రెండు వారాల్లో సర్దుకుంటుందని ఆవిడంది, మూడు నెలలైంది. మా నాన్న ఊళ్లో మాదిగ కోటయ్య చేత కిర్రు చెప్పులు కుట్టించుకునేవాడు, కొత్తవి కరిస్తే రాత్రంతా ఆముదం పట్టించి గోడకి ఆనించేవాడు. ఆముదం సీసా కోసం నిన్న మూడు కొట్లు తిరిగాను, నాలుగోదాంట్లో దొరికింది.