అమెరికా బడిలో పారా ఉద్యోగం: ఐప్యాడ్, మైకు, పది సెకన్లు

హెచ్‌4 ఈఏడీ (హెచ్‌1బీ వీసా మీద ఉన్నవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే పని అనుమతి) చేతికొచ్చాక మనవాళ్లు కొందరు, ముఖ్యంగా ఆడవాళ్లు, దగ్గర్లోని స్కూల్ డిస్ట్రిక్ట్‌లో పారాప్రొఫెషనల్‌గా, అంటే క్లాసులో టీచర్‌కి సాయంగా, చేరుతుంటారు. బడిలో అందరూ ‘పారా’ అనే అంటారు. స్పెషల్ ఎడ్ (ప్రత్యేక అవసరాలున్న పిల్లల) క్లాసులో పడితే చేతికి మాటలు రాని ఒక పిల్లవాడి బదులు మాట్లాడే ఐప్యాడ్, మెడకి వినికిడి తక్కువున్న ఇంకో పిల్ల కోసం మైకు వస్తాయి. ఆన్ చేయడం రెండు నిమిషాల్లో చూపిస్తారు. ఆన్ చేశాక ఏం చేయకూడదో చెప్పే తీరిక ఎవరికీ ఉండదు.

ముందు ఐఈపీ (ఆ పిల్లకి బడిలో ఏ సాయం ఎలా ఇవ్వాలో రాసిన ప్రణాళిక) చదవండి. పూర్తిగా చూపించకపోయినా, అందులో మీ బాధ్యత ఏమిటో తెలియజేయాల్సిన పని బడిదే. 1975లో వచ్చి తరవాత ‘ఐడియా’గా పేరు మారిన చట్టం ప్రకారం, ఐఈపీ రాసేటప్పుడు ఈ పిల్లకి సహాయక పరికరం అవసరమా అని టీమ్ ఆలోచించి తీరాలి. ఏ పరికరం, ఎప్పుడు, ఇంటికి పంపాలా వద్దా అన్నది అందులో చూడండి. ఐఈపీలో ఉన్న పరికరం బహుమతి కాదు, అల్లరి చేస్తే లాక్కోవడానికి. మాటలు రాని పిల్లవాడి ఐప్యాడ్ తీసి బీరువా మీద పెట్టడమంటే నోటికి ప్లాస్టరు వేసినట్టే.

మాట్లాడే ఐప్యాడ్ దగ్గర మన పెంపకం అడ్డొస్తుంది. మనకి చదువు అంటే అడగడం, అప్పజెప్పించుకోవడం. ‘ఆపిల్ ఏది? చూపించు. రెడ్ ఏది?’ అని మొదలుపెడతాం. పిల్లవాడికి అది పరీక్షే తప్ప మాట కాదు. స్నాక్ టైమ్‌లో చూడండి. డబ్బా మూత రాక మీ వైపు చూస్తాడు. మీరు అతని తెరమీదే ‘హెల్ప్’, ‘ఓపెన్’ నొక్కండి, నోటితోనూ అనండి, మూత తీసి ఇచ్చేయండి. తిరిగి నొక్కితేనే ఇస్తానని బేరం పెట్టకండి. ఇంకోసారి అదే సందర్భం వచ్చినప్పుడు ఐప్యాడ్ అతని ముందుకు జరిపి, మనసులో పది లెక్కపెట్టండి. ఆ పది సెకన్లు ఊరుకోవడమే కష్టం. మూడో సెకనుకే మనం ‘చెప్పు నాన్నా, చెప్పు’ అనేస్తాం. ఇక చేయి పట్టుకుని నొక్కిస్తే వచ్చేది మీ మాట, అతనిది కాదు.

ఐప్యాడ్‌లో ఉన్న మాట్లాడే యాప్ ప్రోలోక్వో2గో, టచ్‌చాట్, ల్యాంప్ ఏదైనా సరే, బటన్ల చోటు మార్చకండి. అలవాటైన పిల్లవాడు బొమ్మ కోసం వెతకడు, మనకి కీబోర్డు మీద వేళ్లు వెళ్లినట్టు వేలు దానంతటది వెళ్తుంది. తెర కిక్కిరిసిందనిపిస్తే స్పీచ్ థెరపిస్ట్‌ని అడిగి కొన్ని బటన్లు దాయించండి, కదపడం మాత్రం వద్దు. మార్పు చేసిన ప్రతిసారీ బ్యాకప్ తీశారో లేదో అడగండి. ఐప్యాడ్ నేలన పడి పగిలిన రోజు దాని విలువ తెలుస్తుంది.

వేరే యాప్‌లోకి పారిపోకుండా గైడెడ్ యాక్సెస్ పెడతారు (సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీలో ఉంటుంది, ఐప్యాడ్ పై బటన్ లేదా హోమ్ బటన్ మూడుసార్లు నొక్కితే మొదలవుతుంది). దీంతో రెండు తంటాలు. ఒకటి, ఆప్షన్స్‌లో వాల్యూమ్ బటన్లు ఆపేసి ఉంటే ప్లేగ్రౌండ్‌లో గొంతు పెంచలేరు. రెండు, పాస్‌కోడ్ ఒక్కరికే తెలిసి, ఆ ఒక్కరు సెలవు పెడితే అంతే సంగతులు. ఎండలో తెర కనబడదు, నీళ్ల దగ్గరికి తీసుకెళ్లలేం. అందుకని మెయిన్ పేజీని అదే అమరికతో ప్రింట్ తీసి, లామినేట్ చేసి దగ్గరుంచుకోండి.

ఇంకోటి, మన పేర్లు. ‘శ్రీనిధి’ని ఐప్యాడ్ గొంతు గుర్తుపట్టలేనట్టు పలుకుతుంది. యాప్‌లో ఉచ్చారణ మార్చే వీలుంటే పేరును పలికినట్టుగా వేరే స్పెల్లింగ్‌తో రాసి, వింటూ సరిచేయాలి. తన పేరు తనే తప్పుగా చెప్పుకోవాల్సిన అవసరం ఏ పిల్లకీ లేదు.

మైకు సంగతి వేరు. హియరింగ్ ఎయిడ్ ఉన్న పిల్లకి గదిలో గోల, దూరం రెండూ శత్రువులే. మైకు మీ మాటని నేరుగా ఆమె చెవికి పంపుతుంది. మెడలో వేసుకునే రకమైతే నోటికి సుమారు 15 సెంటీమీటర్ల కింద ఉండాలి. నల్లపూసలు, గొలుసు, చున్నీ, ఐడీ కార్డు దానికి రాసుకుంటే ఆ పిల్ల చెవిలో రోజంతా బరబరే. గొలుసు బ్లౌజు లోపలికి వేసుకోండి, ఐడీ కార్డు నడుముకి తగిలించండి. బయటికెళ్లేటప్పుడు, ఇంకొకరితో మాట్లాడేటప్పుడు మ్యూట్ చేయాలి. బాత్రూమ్‌కి వెళ్తూ మరిచిపోతే ఇబ్బంది ఎవరికో చెప్పక్కర్లేదు. అంతకన్నా ఎక్కువగా జరిగే తప్పు తిరిగొచ్చి మ్యూట్ తీయకపోవడం. పిల్ల ఏమీ అనదు, మర్యాదగా తలూపుతూ కూర్చుంటుంది. అందుకే పొద్దున్నే ‘వినిపిస్తోందా?’ అని అడిగి ఊరుకోకూడదు. నోరు కనబడకుండా కాగితం అడ్డుపెట్టి ఆ, ఊ, ఈ, ష్, స్, మ్ అనే ఆరు శబ్దాలు ఒక్కొక్కటిగా పలికి, తిరిగి చెప్పమనాలి. ‘మ్’ వచ్చి ‘స్’ రాలేదంటే సన్నటి (హై పిచ్) శబ్దాలు అందడం లేదని అర్థం. అప్పుడు టీచర్‌కి చెప్పండి. ఇంకో పిల్లవాడు జవాబు చెబుతుంటే మైకు అతనికివ్వండి, లేదా మీరు మళ్లీ చెప్పండి.

చదవడం కష్టమయ్యే పిల్లలకి క్రోమ్‌బుక్‌లో సెలెక్ట్-టు-స్పీక్ చాలు: సెట్టింగ్స్‌లో ఒకసారి ఆన్ చేసి, పేరా ఎంచుకుని సెర్చ్ కీతో ఎస్ నొక్కితే వినిపిస్తుంది. మౌనంగా ఉండిపోతే ఆ వర్క్‌షీట్ స్కాన్ చేసిన పీడీఎఫ్ అయ్యుండొచ్చు. అది ఫొటో, అందులో అక్షరాలుండవు. టైప్ చేసిన కాపీ టీచర్‌ని అడగండి, లేదా ఓసీఆర్ (ఫొటోలోని రాతని కంప్యూటర్ చదవగల అక్షరాలుగా మార్చడం) చేయించండి. ‘వింటే చదివినట్టెలా అవుతుంది?’ అని మనలో కొందరికి ఉంటుంది. అక్షరాలు కూడబలుక్కోవడం నేర్పే పాఠంలో ఆ మాట న్యాయమే. కానీ సైన్స్ పాఠంలో నేర్పేది సైన్స్.

తల్లిదండ్రులు తెలుగువాళ్లైతే గుడిలో కనిపించి ‘మావాడు ఎలా ఉన్నాడండీ?’ అంటారు. విద్యార్థుల వివరాలు బయటపెట్టకూడదనే ఫెర్పా చట్టం ఉంది, ‘టీచర్‌గారిని అడగండి’ అనడమే దారి. క్లాసు ఫొటో వాట్సాప్‌లో పెట్టడం మరీ ప్రమాదం. ‘ఐప్యాడ్ ఇంగ్లీషు మాట్లాడుతోంది కదా, ఇంట్లో తెలుగు మానేయమంటారా?’ అన్న ప్రశ్న మాత్రం వాళ్లని స్పీచ్ థెరపిస్ట్‌నే అడగమనండి. అమ్మ గొంతుతో ‘నీళ్లు’, ‘అమ్మమ్మ’ రికార్డ్ చేసి పెట్టే వీలున్న యాప్‌లున్నాయి. ఐఈపీ మీటింగ్‌లో వాళ్లకి భాష అర్థం కాకపోతే దుబాసీని ఏర్పాటు చేయాల్సింది డిస్ట్రిక్టే. తెలుగు వచ్చు కదా అని మిమ్మల్ని కూర్చోబెట్టబోతే, అధికారికంగా దుబాసీని పిలవమని ముందే అడగండి.