వేడి పెరిగితే మలేరియా ఎటు పోతుంది?

భూతాపం పెరిగితే దోమలు పెరుగుతాయని, దోమలు పెరిగితే మలేరియా పెరుగుతుందని తరచు వింటూ ఉంటాం. వినడానికి సూటిగా ఉన్న ఈ మాట సగమే నిజం. ఇప్పటికంటే చలి ఎక్కువగా ఉన్న పదహారు, పదిహేడు శతాబ్దాల్లో ఇంగ్లండ్ తీరప్రాంతపు చిత్తడి నేలల్లో చలిజ్వరం (మలేరియా) ఏటేటా జనాన్ని పీడించింది. 1922-23లో సోవియట్ రష్యాలో చెలరేగిన మలేరియా ఉత్తర ధ్రువ వలయానికి కాస్త దిగువన ఉన్న అర్ఖాంగెల్స్క్ నగరం దాకా పాకింది. మరోవైపు, భూమి వేడెక్కుతూ వచ్చిన ఇరవయ్యో శతాబ్దంలోనే ఈ జ్వరం ఐరోపా నుంచీ ఉత్తర అమెరికాలో చాలాభాగం నుంచీ తుడిచిపెట్టుకుపోయింది. మురుగు పారుదల, మందులు, పురుగుమందులు, మెరుగైన ఇళ్లు వేడి చేయగల కీడు కంటే ఎక్కువ మేలు చేశాయి. అంటే వాతావరణం ఒక్కటే మలేరియా గతిని నిర్ణయించదు. అది ఎక్కడ, ఎంతవరకు నిర్ణయిస్తుందన్నదే తేల్చుకోవలసిన ప్రశ్న.

ఆ లెక్క దోమ కడుపులో మొదలవుతుంది. రోగి రక్తం పీల్చినంత మాత్రాన మలేరియాను మోసే ఆడ అనాఫిలస్ దోమ మరొకరికి జ్వరం అంటించలేదు. మలేరియా పరాన్నజీవి దాని పొట్ట గోడలో ఎదిగి, వేల సంఖ్యలో చీలి, లాలాజల గ్రంథులకు చేరుకోవాలి. ఈ పరాన్నజీవుల్లో ఫాల్సిపేరం అనే రకానికి ఈ ఎదుగుదల దాదాపు 16 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆగిపోతుంది. ఆపైన ఉన్న ప్రతి డిగ్రీనీ రోజులతో హెచ్చవేస్తే మొత్తం 111 కావాలన్నది శాస్త్రవేత్తలు చాలాకాలంగా వాడుతున్న సూత్రం. ఆ ప్రకారం 20 డిగ్రీల దగ్గర ఎదుగుదలకు 28 రోజులు, 22 దగ్గర పద్దెనిమిదిన్నర, 25 దగ్గర పన్నెండు రోజుల పైచిలుకు పడుతుంది. దోమల్లో రోజుకు పదోవంతు చచ్చిపోతాయనుకుందాం. రోగిని కుట్టిన 100 దోమల్లో పరాన్నజీవి పండేదాకా బతికి ఉండేవి 20 డిగ్రీల దగ్గర 5, 22 దగ్గర 14, 25 దగ్గర 27. ఇది అంచనా లెక్కే, బయట దోమల చావు ఇంత క్రమంగా ఉండదు. అయినా అసలు సంగతి ఇందులో కనిపిస్తూనే ఉంది: చల్లని చోట పెరిగిన రెండే డిగ్రీలు దోమల సంఖ్యను అసలు పెంచకుండానే ప్రమాదాన్ని దాదాపు మూడింతలు చేస్తాయి. కాస్త తక్కువ వేడితోనే ఎదిగే వైవాక్స్ అనే మరో రకం మరింత చల్లని చోట్లకూ వెళ్లగలదు.

ఇదే వేడి మరీ ఎక్కువైతే కథ తిరగబడుతుంది. దోమ ఆయుష్షు, కుట్టే వేగం, గుడ్లు, పరాన్నజీవి ఎదుగుదల అన్నీ కలిపి 2013లో వేసిన ఒక లెక్కలో, మలేరియా వ్యాప్తికి అన్నిటికంటే అనువైన ఉష్ణోగ్రత 25 డిగ్రీల దరిదాపుల్లో తేలింది. అంతకుముందు అది 31 అనుకునేవారు. 28 దాటితే వ్యాప్తి వేగంగా పడిపోతుంది, 34 దగ్గర దాదాపు ఆగిపోతుంది. కాబట్టి ఇప్పటికే ఉడికిపోతున్న పశ్చిమ ఆఫ్రికా పల్లపు ప్రాంతాల్లో కొన్నిచోట్ల మలేరియా తగ్గినా ఆశ్చర్యపోనక్కరలేదు. అలాగని సంబరపడేందుకూ లేదు, డెంగీని మోసే దోమకు మరికాస్త ఎక్కువ వేడే సరిపడుతుంది. పగలూ రాత్రీ తేడాలను పట్టించుకోకుండా నెల సగటు ఒక్కటే చూసే లెక్కలను కూడా నేను అంతగా నమ్మను. చల్లని ప్రాంతంలో మధ్యాహ్నపు వేడి పరాన్నజీవిని తొందరపెడుతుంది, వేడి ప్రాంతంలో అదే మధ్యాహ్నం దాన్ని అడ్డుకుంటుంది.

అందువల్ల చూడవలసింది అంచులను. కిలోమీటరు ఎత్తుకు వెళ్తే ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది కనుక, డిగ్రీలో సగం పెరిగినా కొండవాలుపై మలేరియా హద్దు కొన్ని పదుల మీటర్లు పైకి జరుగుతుంది. ఇథియోపియా, కొలంబియా ఎత్తు ప్రాంతాల కేసులను ఏళ్ల తరబడి పరిశీలించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, వేడి ఎక్కువగా ఉన్న ఏళ్లలో జబ్బు పై ఊళ్లకు ఎక్కిందని, చల్లని ఏళ్లలో కిందికి దిగిందని తేలింది. కెన్యాలోని కెరిచో తేయాకు తోటల విషయంలో మాత్రం పెద్ద వాదమే నడిచింది. అక్కడ జ్వరాలు పెరగడానికి మలేరియా మందు క్లోరోక్విన్‌కు పరాన్నజీవి లొంగకపోవడమే కారణమని, వాతావరణంలో చెప్పుకోదగ్గ మార్పే లేదని 2002లో ఒక బృందం వాదించగా, ఉష్ణోగ్రతల రికార్డులను తిరిగి చూసిన మరో బృందం 2006లో వేడి పెరిగిన మాట నిజమేనంది. రెండు కారణాలూ కలిసి పనిచేశాయనుకోవడమే నాకు సబబుగా తోస్తుంది. మందు పనిచేయని చోటికి అనువైన వాతావరణమూ తోడైతే రెండింటి పాలు విడదీసి చూపడం కష్టం. ఎత్తు ప్రాంతాల వారికి ఈ జబ్బు అలవాటు లేదు కనుక ఒంట్లో నిరోధక శక్తి ఉండదు. పల్లంలో ఎక్కువగా పసిపిల్లల ప్రాణాలు తీసే మలేరియా అక్కడ పెద్దలనూ వదలదు.

వాన సంగతి ఇంకా చిక్కు. ఒక మోస్తరు వాన గుంటలు నింపి దోమలకు పుట్టిల్లవుతుంది, కుండపోత అదే గుంటల్లోని లార్వాలను ఊడ్చుకుపోతుంది. కరువూ రెండు విధాలుగానూ పనిచేస్తుంది. సహారా ఎడారికి దక్షిణాన ఉన్న సహేల్‌లో దశాబ్దాల అనావృష్టి మలేరియాను తగ్గిస్తే, శ్రీలంకలో 1934లో వానలు ముఖం చాటేసి, పారే నదులు మడుగులుగా మారి, వాటిలో దోమలు విపరీతంగా పెరగడంతో 1934-35లో దాదాపు 80,000 మంది చనిపోయారు. ఇటీవలి పెద్ద ఉదాహరణ పాకిస్తాన్. అక్కడ 2021లో సుమారు 5 లక్షలుగా ఉన్న కేసులు, 2022 వరదల ఏడాదిలో 26 లక్షలకు చేరాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. నిలిచిన నీరు ఇందులో ఒక భాగమే. ఇళ్లు కూలి జనం ఆరుబయట పడుకోవడం, ఆరోగ్య కేంద్రాలు నీట మునగడం, మందులు అందకపోవడం కూడా అంత పనీ చేశాయి.

వాతావరణం ఖాతాలో వేయకూడని వాటినీ వేయడం నాకు నచ్చదు. దక్షిణాసియా నగరాల్లో నీళ్ల ట్యాంకుల్లో పెరిగే అనాఫిలస్ స్టెఫెన్సీ దోమ 2012లో తూర్పు ఆఫ్రికాలోని జిబూతీలో కనిపించింది. ఆ ఏడాది 27 కేసులే నమోదైన ఆ చిన్న దేశంలో 2020 నాటికి అవి 73,000 దాటాయి. దాన్ని అక్కడికి చేర్చింది ప్రయాణాలూ సరుకుల రవాణాయే కావచ్చుగానీ భూతాపం కాదు. కాకపోతే కరువు వచ్చి ఇంటింటా నీళ్లు నిల్వ చేసుకోవలసి వస్తే, వానలు లేని కాలంలోనూ ఆ దోమకు చోటు దొరుకుతుంది. ఇథియోపియాలోని డిరె దావా నగరంలో 2022లో ఇలాగే ఎండాకాలంలోనే మలేరియా విజృంభించింది.

2023లో ప్రపంచవ్యాప్తంగా 26 కోట్ల 30 లక్షల మలేరియా కేసులు వచ్చాయని, సుమారు 5,97,000 మంది మరణించారని, మరణాల్లో 95 శాతం ఆఫ్రికాలోనే సంభవించాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కట్టింది. ఈ జబ్బు హద్దు జరుగుతున్నప్పుడు, పాత పటం చూసుకుని దోమతెరలు పంచే పద్ధతి చాలదు. సహేల్ పిల్లలకు వానాకాలంలో నెలకోసారి ముందుజాగ్రత్త మందులిచ్చే కార్యక్రమానికి 2012లో ఆమోదం లభించినప్పుడు, ఎన్ని నెలలు ఇవ్వాలో హద్దు ఉండేది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని సడలించి, స్థానిక పరిస్థితిని బట్టి నిర్ణయించుకోమంది. బోట్స్‌వానాలో వానల ముందస్తు అంచనాలను బట్టి మలేరియా ఎక్కువయ్యే ఏడాదిని కొన్ని నెలల ముందే పసిగట్టవచ్చని 2006లోనే చూపారు. ఎత్తు ప్రాంతాల ఆరోగ్య కేంద్రాల్లో కూడా వేడి ఎక్కువగా ఉన్న ఏళ్లలోనైనా వెంటనే ఫలితం చెప్పే రక్త పరీక్ష కిట్లు, ఆర్టిమిసినిన్ కలిసిన మందులు ముందుగానే సిద్ధంగా ఉండాలి. ఇన్నేళ్లుగా అక్కడ మలేరియా లేదన్న కారణంతోనే బడ్జెట్లలో మొదట కోత పడేది వాటికే.