పత్తి ఏరే కాలంలో 17 రోజులు

2024 అక్టోబరులో, ఆదిలాబాద్ జిల్లాలోని మా చేలో తొలి పత్తి విచ్చుకుంటున్న వారంలో, అంగన్‌వాడీ టీచరు మా పాప ఎడమ దండకు, అంటే మోచేతి పైభాగానికి, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల టేపు చుట్టి, విప్పి, మళ్లీ చుట్టారు. రెండోసారి కూడా గుర్తు ఎరుపులోనే ఉంది. 11.1 సెంటీమీటర్లు. పాపకు అప్పటికి 19 నెలలు, బరువు 6 కిలోల 400 గ్రాములు. దండ చుట్టుకొలత 11.5 కంటే తగ్గితే తీవ్ర పోషకాహార లోపమేనని, ఇక అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పిండి పెట్టి చూద్దామని ఊరుకునే సమయం కాదని ఆమె చెప్పారు.

అంతకు ముందు రెండు నెలలుగా పాప సరిగ్గా తినడం లేదు. అత్తమ్మ పక్షి దోషమంటే తాయెత్తు కట్టించాము. ఊళ్లోని ఆర్‌ఎంపీ జ్వరం వచ్చినప్పుడల్లా ఇంజెక్షను వేసి, రక్తం పట్టాలంటూ ఐరన్ టానిక్ ఇచ్చాడు. మూడు సీసాలు అయిపోయాయి కానీ, ఒక్కసారి కూడా పాపను తూకం వేయలేదు. వేయమని నేనూ అడగలేదు. మా వాడలో పిల్లలందరూ బక్కగానే ఉంటారు కాబట్టి అది రోగమని నాకు తోచలేదు.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ పాప పాదాల మీద బొటనవేలితో నొక్కి, గుంట పడుతుందేమోనని చూశారు. వాపు లేదు, కానీ జ్వరం ఉంది, తిండి లోపలికి పోవడం లేదు కనుక పోషకాహార పునరావాస కేంద్రానికి, అంటే అందరూ ఎన్‌ఆర్‌సీ అని పిలిచే చోటికి, చీటీ రాశారు. వైద్యానికీ నా భోజనానికీ డబ్బు కట్టనక్కర్లేదని, కనీసం 14 రోజులు తల్లి బిడ్డ దగ్గరే ఉండాలని చెప్పారు.

మాకు కష్టమైంది ఆ 14 రోజులే. విచ్చిన పత్తి మీద వాన పడితే రంగు మారుతుంది, ధర పడిపోతుంది. కిలోకింతని ఇచ్చి కూలీలను పెట్టుకుంటే మాకు మిగిలేదేమీ ఉండదు. ఇంట్లో అయిదేళ్ల కొడుకు ఉన్నాడు. "రోజూ పోయి వస్తే కాదా?" అని నా భర్త అడిగాడు. కాదని మా ఊరి ఆశా కార్యకర్త, మేమంతా ఆశమ్మ అంటాం, ఆయనను కూర్చోబెట్టి నచ్చజెప్పింది, మా అమ్మను పిలిపించమని సలహా ఇచ్చింది. అమ్మ రాకపోయి ఉంటే నేను వెళ్లేదాన్ని కాదని ఇప్పటికీ అనుకుంటాను.

ఆధార్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు, తల్లీబిడ్డల కార్డు పట్టుకుని బస్సెక్కాను. ఆడవాళ్లకు జీరో టికెట్ కనుక ప్రయాణానికి ఖర్చు కాలేదు. కేంద్రంలో మొదట ఐరన్ టానిక్ ఆపించారు. ఇంతగా చిక్కిన పిల్లలకు ఇన్‌ఫెక్షన్ తగ్గి, బరువు పెరగడం మొదలయ్యాకే ఐరన్ ఇవ్వాలట. పాలు, చక్కెర, నూనె కొలత ప్రకారం కలిపిన స్టార్టర్ డైట్ రెండు గంటలకోసారి 70 మిల్లీలీటర్లు పట్టాలి. రాత్రి రెండింటికీ, నాలుగింటికీ కూడా సిస్టరు తట్టి లేపేవారు. పొట్ట ఖాళీగా ఉంటే రక్తంలో చక్కెర పడిపోయి, ఒళ్లు చల్లబడి, నిద్రలోనే ప్రమాదం జరగవచ్చని వివరించారు. గిన్నెలో మిగిలింది కూడా కొలిచి కాగితం మీద రాసేవారు. మొదటి రాత్రి మిగిలిందే ఎక్కువ. నాలుగో రోజు తెల్లవారుజామున పాప రెండు చేతులతో గిన్నెను తన వైపు లాక్కుంది. చెంచా వదిలేసి గిన్నెతోనే తాగించాను. ఆ తరువాత బరువు పెంచే క్యాచప్ డైట్‌కు మార్చారు, 17వ రోజుకు బరువు 7 కిలోల 100 గ్రాములైంది.

మా పక్క మంచం మీది తల్లి మాత్రం అయిదో రోజే బాబును తీసుకుని వెళ్లిపోయింది. ఆమెదీ మా మండలమే. పెద్ద పిల్లవాణ్ణి చూసేవాళ్లు లేరు, ఇంటి నుంచి రోజూ ఫోన్లు. ఆమెకు శ్రద్ధ లేదని కొందరన్నారు. ఆ మాట అన్యాయం. బాబు గిన్నె ఖాళీ చేసిన ప్రతిసారీ ఆమె నాకు తెచ్చి చూపించేది. కూలి నష్టపోయినందుకు తల్లికి రోజుకింతని ఇస్తారు, కానీ నాకు ఆ డబ్బు ఖాతాలో పడింది ఇంటికొచ్చిన రెండు నెలలకు. అదే డబ్బు వారం వారం ఆసుపత్రిలోనే చేతికిస్తే, ఇంటి దగ్గర పిల్లలను చూసేవాళ్లకు ఏదైనా ఇవ్వడానికి వీలవుతుంది, చాలామంది తల్లులు నిలబడతారు.

తరువాత పదిహేను రోజులకోసారి నాలుగుసార్లు చూపించాలి. నాలుగూ చూపించాను, చివరిసారి టేపు 12.4 దగ్గర ఆగింది. ఇంకా పసుపే, ఆకుపచ్చకు రావాలి. అదే వారంలో ఆశమ్మతో పాటు ఆ పక్క మంచం తల్లి ఇంటికి వెళ్లాను. ఆ తరువాత ఆమె బాబుతో మళ్లీ కేంద్రంలో చేరింది. ఆమె పెద్ద పిల్లవాడు మా కొడుకుతో కలిసి మా ఇంట్లోనే ఉన్నాడు.