భారత పాస్‌పోర్టుతో స్కాట్లాండ్ రెఫరెండంలో ఓటు: నా అనుభవం

స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావాలా వద్దా అని 2014 సెప్టెంబర్ 18న జరిగిన రెఫరెండంలో ఓటు ఎవరికన్నది పుట్టుకను బట్టి తేల్చలేదు, నివాసాన్ని బట్టి తేల్చారు. ఎడిన్‌బరోలో పుట్టి లండన్‌లో స్థిరపడినవాళ్లకు ఓటు లేదు. స్వాతంత్ర్యాన్ని బాహాటంగా సమర్థించిన సినీ నటుడు షాన్ కానరీ బహామాస్‌లో ఉండేవారు కాబట్టి ఆయనకూ లేదు. స్టూడెంట్ వీసా మీద వచ్చి గ్లాస్గోలో గది అద్దెకు తీసుకున్న తెలుగు విద్యార్థికి మాత్రం ఉంది. భారత పాస్‌పోర్టుతో ఆ ఓటు వేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. నమోదు నుంచి బ్యాలెట్ పెట్టె దాకా ఏ దశలో ఏం చేయాలో, ఓట్లు ఎక్కడ జారిపోతాయో, ఆ నెలల్లో జనం మనసు తెలుసుకోవడం ఎందుకంత కష్టమైందో ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా అర్హత. 2012 అక్టోబర్ 15న అప్పటి బ్రిటన్ ప్రధాని డేవిడ్ కామెరాన్, స్కాట్లాండ్ ప్రభుత్వాధినేత అలెక్స్ సాల్మండ్ ఎడిన్‌బరో ఒప్పందం మీద సంతకాలు చేశాక ఓటు హక్కు నియమాలు స్కాటిష్ పార్లమెంటు చేతికి వచ్చాయి. ఆ పార్లమెంటు ఎన్నికల్లో ఎవరికి ఓటుందో వాళ్లందరికీ రెఫరెండంలోనూ ఇచ్చి, వయసును 16కి దించారు. అంటే స్కాట్లాండ్‌లో నివసించే బ్రిటిష్, ఐరిష్, యూరోపియన్ యూనియన్ పౌరులు, వాళ్లతోపాటు చెల్లుబాటయ్యే వీసా ఉన్న కామన్వెల్త్ పౌరులు. భారత్ కామన్వెల్త్‌లో ఉంది కాబట్టి మనకు వర్తించింది. నేపాల్, చైనా, అమెరికా పౌరులకు వర్తించలేదు. ఒకే ఫ్లాట్‌లో అద్దెకుండే నలుగురు విద్యార్థుల్లో ఇద్దరికి ఓటుండి ఇద్దరికి లేకపోవడం ఇందువల్లే. శాశ్వత నివాసం వస్తేగానీ ఓటు రాదని మనవాళ్లు చాలామంది అనుకుని ఫారమ్ ముట్టుకోలేదు. తెలుగువాళ్లలో ఓట్లు ఎక్కువగా పోయింది ఇక్కడేనని నా అభిప్రాయం.

నమోదుకు గడువు సెప్టెంబర్ 2. అప్పటికి స్కాట్లాండ్‌లో ఆన్‌లైన్ నమోదు లేదు. కొత్త వ్యక్తిగత నమోదు పద్ధతిని కావాలనే రెఫరెండం తర్వాతి రోజుకు వాయిదా వేశారు. కాబట్టి కాగితం ఫారమ్ నింపి, సంతకం పెట్టి, నమోదు అధికారికి చేర్చాల్సి వచ్చేది. స్కాట్లాండ్‌లో చాలాచోట్ల ఆ పని కౌన్సిల్ కార్యాలయంలో జరగదు, ఇళ్లకు విలువ కట్టే అసెసర్ కార్యాలయం చూస్తుంది. అప్పట్లో ప్రతి శరదృతువులో ఇంటింటికీ ఒక ఫారమ్ వచ్చేది, ఇంట్లో ఒకరు అందరి పేర్లూ రాసి పంపేవారు. షేరింగ్ ఫ్లాట్లలో ఒకరు తన పేరు మాత్రమే రాసి పంపేస్తే మిగతావాళ్ల పేర్లు జాబితాకెక్కేవి కావు. శరదృతువు తర్వాత ఇల్లు మారినవాళ్ల సంగతీ అంతే. కౌన్సిల్ ట్యాక్స్ (ఇంటిపన్ను లాంటిది) కడుతున్నాం కాబట్టి పేరు ఉండే ఉంటుందనుకోవడం పొరపాటు. ఆ రెండు జాబితాలూ వేరు.

ఫారమ్‌లో ఒక చిన్న గడి ఉంటుంది, దాన్ని వదలకూడదు. ఓటర్ల జాబితాకు రెండు రూపాలు. పూర్తి జాబితా ఎన్నికలకు, రుణ అర్హత తనిఖీల్లాంటి కొన్ని పనులకు. రెండోది ఎవరైనా కొనుక్కోగలిగేది. రెండోదాంట్లో పేరు వద్దంటే ఆ గడిలో గుర్తు పెట్టాలి. పదహారేళ్ల పిల్లల వివరాలు ఎక్కడా ప్రచురించకుండా విడి జాబితాలో ఉంచారు. అలా లక్షకు పైగా 16, 17 ఏళ్లవాళ్లు నమోదయ్యారు.

జాబితాలో పేరుండటానికే భయపడేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారని నాకు తెలిసింది నమోదు గురించి మాట్లాడుతున్నప్పుడే. 1989లో థాచర్ ప్రభుత్వం ఆదాయంతో పనిలేకుండా తలకింత అని వేసే పోల్ ట్యాక్స్‌ను ఇంగ్లండ్ కంటే ఏడాది ముందే స్కాట్లాండ్‌లో అమలు చేసింది. అది కట్టలేక, కట్టబోమని కొందరు ఓటర్ల జాబితా నుంచే తప్పుకున్నారు. పాతికేళ్ల తర్వాత ఈ ఓటు కోసం వాళ్లు తిరిగొచ్చారు. ఆ భయం వట్టిది కాదు. ఓటు ముగియగానే కొన్ని కౌన్సిళ్లు కొత్త జాబితా చూసి పాత బాకీలు వసూలు చేస్తామన్నాయి. దాన్ని ఆపడానికి 2015లో చట్టమే చేయాల్సి వచ్చింది. మొత్తం మీద నమోదైనవాళ్లు దాదాపు 42.8 లక్షలు.

తపాలా ఓటు కావాలంటే సెప్టెంబర్ 3 సాయంత్రం 5 గంటల్లోగా దరఖాస్తు అందాల్సి ఉండేది. దాంట్లో ఇచ్చిన సంతకాన్నీ, పుట్టినతేదీనీ బ్యాలెట్‌తోపాటు పంపే పత్రంలోని వాటితో పోల్చి చూస్తారు. మనవాళ్లకు ఇక్కడ రెండు చిక్కులు. ఒకటి, సర్టిఫికెట్‌లో ఒక తేదీ, అసలు పుట్టింది ఇంకో తేదీ. పాస్‌పోర్టులో ఉన్నదే రెండుచోట్లా రాయాలి. రెండోది, దరఖాస్తు మీద తెలుగులో, పత్రం మీద ఇంగ్లీషులో సంతకం. ఏ భాషలో పెట్టినా ఫర్వాలేదు, రెండూ ఒకేలా ఉండాలి. పుట్టినతేదీ గడిలో ఆరోజు తేదీ రాసేయడం అన్ని దేశాలవాళ్లూ చేసే తప్పు. దానివల్ల ఓటు పూర్తిగా పోతుంది.

తపాలా బ్యాలెట్లు ఆగస్టు చివర్లోనే ఇళ్లకు వచ్చాయి. అందుకే నేను తపాలా ఓటు తీసుకోలేదు. అసలు గొడవంతా సెప్టెంబర్‌లో జరిగింది. 16వ తేదీన కామెరాన్, ఉప ప్రధాని నిక్ క్లెగ్, ప్రతిపక్ష లేబర్ నాయకుడు ఎడ్ మిలిబాండ్ ముగ్గురూ, స్వాతంత్ర్యం వద్దని నో అంటే స్కాట్లాండ్‌కు మరిన్ని అధికారాలిస్తామని ఒక పత్రిక మొదటి పేజీలో మాటిచ్చారు. చివరి 28 రోజుల్లో ప్రభుత్వాలు కొత్త ప్రకటనలు చేయకూడదన్న నియమం ఉండగా ఇదేమిటని స్వాతంత్ర్యం కావాలనే యెస్ పక్షం మండిపడింది. అది మంచి మాటో మాయమాటో ఎవరి లెక్క వాళ్లది. అప్పటికే కవరు పోస్టులో వేసినవాళ్లకు మాత్రం దాన్ని తూచి చూసుకునే వీలు లేకపోయింది.

ఇక జనాభిప్రాయం. సర్వేలు వారానికి కొన్ని వచ్చేవి, ఒకదానికొకటి పొంతన ఉండేది కాదు. సర్వే కంపెనీల్లో యూగవ్, ఇప్సోస్ మోరీ చాలాకాలం నో పక్షానికి పెద్ద ఆధిక్యం చూపాయి. సర్వేషన్, ప్యానెల్‌బేస్ తక్కువ తేడా చూపాయి. దీనికి కారణం పద్ధతిలో ఉంది. ఆన్‌లైన్ ప్యానెల్, ఫోన్, ఇంటికెళ్లి అడగడం, ఈ మూడింటికీ దొరికే మనుషులు వేరు. ఇంటికెళ్లి అడిగే సర్వే పూర్తవడానికి ఎక్కువ రోజులు పడుతుంది, ప్రచురించేనాటికే పాతబడుతుంది. నమూనాను సరిచేయడానికి గత ఎన్నికల్లో ఎవరికి వేశారని అడుగుతారు. ఎన్నడూ ఓటేయనివాళ్లు లక్షల్లో కొత్తగా వస్తున్నప్పుడు ఆ కొలబద్ద పనిచేయదు. నాకు తెలిసి ఈ సర్వేల అసలు బలహీనత అదే.

సెప్టెంబర్ 7 ఆదివారం వచ్చిన యూగవ్ సర్వేలో తేల్చుకోనివాళ్లను తీసేస్తే యెస్ 51, నో 49. సోమవారం పౌండు విలువ పడింది. తలలు పండిన నాయకులంతా రైలెక్కి ఉత్తరానికి వచ్చారు. నిజానికి వెయ్యిమంది నమూనాలో అటూ ఇటూ మూడు శాతం తేడా మామూలే. 51కీ 49కీ మధ్య ఉన్నదాన్ని ఆధిక్యం అనలేం. తేల్చుకోనివాళ్లను కలిపిన అంకె (యెస్ 47, నో 45) లోపలి పేజీల్లో ఉండేది. నేను ప్రతి సర్వేలో ముందు ఆ అంకెనే వెతికేవాణ్ణి. ఆ తర్వాత ఎన్ని రోజులపాటు అడిగారు, ఒకే కంపెనీ గత నెల అంకె ఎంత అని చూడాలి. వేర్వేరు కంపెనీల అంకెలను పక్కపక్కన పెట్టి గాలి మారిందనడం తప్పు. వయసులవారీ, ప్రాంతాలవారీ పట్టికలను అసలు నమ్మకూడదు. ఓటు తర్వాత 16, 17 ఏళ్లవాళ్లలో 71 శాతం యెస్ అన్నారని బాగా ప్రచారమైంది. లార్డ్ ఆష్‌క్రాఫ్ట్ చేయించిన ఆ సర్వేలో ఆ వయసువాళ్లు మొత్తం 14 మంది.

సర్వేలనే కాదు, వీధినీ నమ్మలేని పరిస్థితి. గ్లాస్గో కిటికీల్లో నీలి యెస్ పోస్టర్లే ఎక్కువ. నో అనేవాళ్లు బయటపడేవాళ్లు కాదు. గొడవెందుకని కొందరు, దేశభక్తి లేదంటారేమోనని కొందరు. పందేలవాళ్లు మాత్రం మొదటినుంచీ నో గెలుస్తుందనే లెక్కగట్టారు. ప్రశ్న మాటలూ ఎంత పనిచేస్తాయో చూడండి. మొదట ప్రభుత్వం అనుకున్న ప్రశ్న ‘స్కాట్లాండ్ స్వతంత్ర దేశంగా ఉండాలని మీరు ఒప్పుకుంటారా?’ ఒప్పుకుంటారా అంటే జవాబు యెస్ వైపు మొగ్గుతుందని బ్రిటన్ ఎన్నికల సంఘమైన ఎలక్టోరల్ కమిషన్ జనంతో పరీక్షించి తేల్చింది. 2013 జనవరిలో ఆ మాట తీసేశారు.

ఉద్రిక్తత ఉన్న మాట నిజం. ఆగస్టు 28న కర్కాల్డీలో నో తరఫున ఊరూరా తిరుగుతున్న లేబర్ ఎంపీ జిమ్ మర్ఫీ మీద గుడ్లు విసిరారు, ఆయన కొన్ని రోజులు పర్యటన ఆపేశారు. సెప్టెంబర్ 13న ఎడిన్‌బరోలో ప్రొటెస్టెంట్ల సంఘం ఆరెంజ్ ఆర్డర్ బ్రిటన్‌కు మద్దతుగా వేలమందితో ఊరేగింది. మర్నాడు గ్లాస్గోలో బీబీసీ కార్యాలయం ముందు వార్తల్లో పక్షపాతం ఉందంటూ యెస్ మద్దతుదారులు గుమిగూడారు. అయితే అల్లర్లు తప్పవన్నట్టు లండన్ పత్రికలు రాసింది అతి. 17న పోలీసుల సంఘమైన స్కాటిష్ పోలీస్ ఫెడరేషనే ప్రచారం చాలావరకు సామరస్యంగా సాగిందని ప్రకటించింది. దెబ్బ తగిలింది ఇళ్లలో. భార్యాభర్తలు, తండ్రీకొడుకులు వేర్వేరు వైపులకు వెళ్లి, భోజనాల దగ్గర ఆ మాట ఎత్తకూడదని నియమం పెట్టుకున్న కుటుంబాలు ఎన్నో. ఇంగ్లండ్‌లో పుట్టి ఇక్కడ స్థిరపడినవాళ్లు తమను పరాయివాళ్లను చేస్తారేమోనని బాధపడ్డారు.

తెలుగువాళ్లం కలిసినప్పుడు మాట తప్పకుండా రాష్ట్ర విభజన మీదికి మళ్లేది. తెలంగాణ ఏర్పడింది ఆ జూన్ 2నే. అక్కడ పార్లమెంటు చట్టంతో తేలింది, ఇక్కడ ఒక్కో మనిషి చేతికీ బ్యాలెట్ ఇచ్చారు. అందుకే ఇక్కడ తప్పించుకునే వీలు లేదు, నీ మాటేమిటని ఆఫీసులో ఎవరైనా అడగొచ్చు. ఆ ప్రశ్నకు జవాబివ్వాల్సిన పని లేదు. ఇంకా ఆలోచిస్తున్నానంటే రెండు పక్షాలవాళ్లూ ఓపిగ్గా కూర్చుని వివరించేవాళ్లు. వచ్చి నాలుగేళ్లైన నీకెందుకీ ఓటు అనే ప్రశ్నా వినిపించింది. పన్ను కట్టేది, పిల్లల్ని బడికి పంపేది ఇక్కడే కాబట్టి అని నేను నిస్సంకోచంగా చెప్పాను. ఇప్పటికీ అదే నమ్ముతాను.

మనసు తేల్చుకోవడానికి ఎలక్టోరల్ కమిషన్ ఇంటింటికీ పంపిన పుస్తకమే మంచి మొదలు. ఇరుపక్షాలకూ సమానంగా చోటిచ్చి, ఫలితం తర్వాత ఏం జరుగుతుందో రెండు ప్రభుత్వాల ఉమ్మడి ప్రకటన కూడా వేశారు. 2013 నవంబర్ 26న వచ్చిన స్కాటిష్ ప్రభుత్వ శ్వేతపత్రం ఆరువందల పేజీలు దాటింది. అంతా చదవనక్కర్లేదు. వలస వచ్చినవాళ్లకు సంబంధించిన అధ్యాయాలు చాలు. 2012లో బ్రిటన్ ఎత్తేసిన చదువు తర్వాతి ఉద్యోగ వీసాను తిరిగి తెస్తామని అందులో ఉంది, మన విద్యార్థులు యెస్ వైపు చూడటానికి పెద్ద కారణం అదే. ఇల్లు కొన్నవాళ్లను నో వైపు లాగింది కరెన్సీ. పౌండును పంచుకునేది లేదని 2014 ఫిబ్రవరిలో బ్రిటన్ ఆర్థికమంత్రి జార్జ్ ఆస్బోర్న్ తేల్చి చెప్పారు. దానికి బదులు ఫలానా దారి అని యెస్ పక్షం చివరిదాకా ఒక్కటి తేల్చి చెప్పలేదు. సెప్టెంబర్‌లో ఆర్‌బీఎస్, లాయిడ్స్ బ్యాంకులు నమోదిత కార్యాలయం లండన్‌కు మారుస్తామన్నప్పుడు బ్యాంకు ఉద్యోగులైన మనవాళ్లు హడలిపోయారు. అదే రోజు ఆర్‌బీఎస్ అధిపతి సిబ్బందికి రాసిన లేఖలో పని, ఉద్యోగాలు తరలించే ఉద్దేశం లేదని ఉంది. ఇలాంటివి శీర్షిక చదివి వదిలేయకూడదు.

పోలింగ్ ఉదయం 7 నుంచి రాత్రి 10 దాకా. అప్పట్లో గుర్తింపు కార్డు అడగలేదు, పోలింగ్ కార్డు లేకపోయినా పేరు, చిరునామా చెబితే సరిపోయేది. మీకు కేటాయించిన కేంద్రానికే వెళ్లాలి. గుమ్మం బయట నిలబడి మీ నంబరు అడిగేవాళ్లు ప్రచార పక్షాల మనుషులు, చెప్పడం చెప్పకపోవడం మీ ఇష్టం. గడిలో ఇంటూ గుర్తు పెట్టాలి. బూత్‌లో పెన్సిల్ ఉంటుంది, చెరిపేస్తారన్న పుకారు బాగా తిరిగింది. సొంత పెన్ను తెచ్చుకోవచ్చు, కానీ సిరా ఆరకముందే మడిస్తే గుర్తు రెండో గడి మీద అంటుకుని ఓటు సందేహంలో పడొచ్చు. ఎవరో ముందే మీ పేరున ఓటేసి ఉంటే వెనక్కి రావద్దు, ఇలాంటి సందర్భాలకే ఉండే వేరే రంగు టెండర్డ్ బ్యాలెట్ అడగాలి. గ్లాస్గోలో ఇలాంటి దొంగ ఓట్లు పడ్డాయన్న అనుమానంతో పది బ్యాలెట్లను పక్కన పెట్టారు. తపాలా బ్యాలెట్ ఇంట్లో మిగిలిపోతే రాత్రి 10లోగా కేంద్రంలోనే ఇవ్వొచ్చు. లోపల ఫోటోలు వద్దు.

ఎగ్జిట్ పోల్ లేదు కాబట్టి రాత్రంతా ఎవరికీ ఏమీ తెలియలేదు. ముందు మొత్తం కాగితాలు సరిచూసి, తర్వాతే విడదీసి లెక్కించారు. 32 ప్రాంతాల్లో మొదట క్లాక్‌మానన్‌షైర్ ఫలితం వచ్చింది, నో. చివరి లెక్కలో నో 20,01,926, యెస్ 16,17,989. శాతాల్లో 55.3, 44.7. పోలింగ్ 84.6 శాతం. చెల్లని ఓట్లు 3,429 మాత్రమే. నాలుగు ప్రాంతాలే యెస్ అన్నాయి, వాటిలో గ్లాస్గో, డండీ ఉన్నాయి. పోలింగ్ అన్నిటికంటే తక్కువగా ఉన్నదీ గ్లాస్గోలోనే, 75 శాతం.

ఓటు మర్నాడు, 19 నుంచి, వ్యక్తిగత నమోదు మొదలైంది. ఇంటి ఫారమ్ మీద ఒకరు అందరి పేర్లూ రాసే పద్ధతి పోయి, ఎవరికి వారు నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు ఇచ్చి నమోదు చేసుకోవాల్సి వచ్చింది. ఆన్‌లైన్‌లో చేసుకునే వీలూ వచ్చింది. 2015 మే 7 బ్రిటిష్ పార్లమెంటు ఎన్నికల్లోనూ భారత పౌరులకు ఓటుంది. మధ్యలో ఫ్లాట్ మారినవాళ్లు కొత్త చిరునామాతో మళ్లీ దరఖాస్తు చేసుకోవాల్సిందే.