కిడ్నీ మార్చిన తర్వాతి ఏడాది: నా అనుభవం

మా ఇంట్లో ఆపరేషన్ కంటే ఆపరేషన్ తర్వాతి ఏడాదే పెద్దది. నా భార్య డయాలసిస్‌లో ఉన్నన్నాళ్లూ మా ధ్యాసంతా ఒక్కదాని మీదే: కిడ్నీ దొరకాలి, ఆపరేషన్ కావాలి. ఆ తర్వాతి సంగతి చెప్పేవాళ్లు మా చుట్టుపక్కల ఎవరూ లేరు. అందుకే ఇది రాస్తున్నాను. నల్లగొండలో డయాలసిస్ జరిగేటప్పుడు మాతోపాటు వరండాలో కూర్చున్న కుటుంబాలు చాలా ఇదే దారిలో వస్తున్నాయి. ఎక్కడ ఏం ఎదురవుతుందో ముందే తెలిస్తే భయం కొంతైనా తగ్గుతుంది.

మాది కనగల్ మండలం, బత్తాయి తోట మీద బతికే కుటుంబం. బీపీతో మొదలైన జబ్బు కిడ్నీలు రెండూ పనిచేయని దాకా వచ్చింది. డయాలసిస్ రోజుల్లో పొటాషియం పెరుగుతుందని పండ్ల రసాలు బంద్ పెట్టారు. ఇంటి నిండా బత్తాయిలున్నా ఆమె ఒక్క గ్లాసు రసం తాగలేకపోయేది. చనిపోయినవాళ్ల అవయవాలు అవసరమైనవాళ్లకు అందేలా చూసే జీవన్‌దాన్ అనే ప్రభుత్వ కార్యక్రమంలో పేరు రాయించాం. ఈలోపు అత్తమ్మ బ్లడ్ గ్రూపు కలిసింది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం తల్లి దగ్గరి బంధువే అయినా కాగితాలు, ఫొటోలు, కమిటీ ముందు ప్రశ్నలు తప్పవు. ఎవరైనా బలవంతం పెట్టారా అని అడిగితే అత్తమ్మ, "నాకు రెండున్నయి గద సారూ, ఒకటి నా బిడ్డకు. రాసుకోండ్రి" అంది.

ఆపరేషన్ బాగా జరిగింది. కొత్త కిడ్నీని పొత్తికడుపులో ఎక్కువగా కుడివైపు పెడతారు, పాతవాటిని సాధారణంగా అలాగే ఉంచుతారు. బల్ల మీదే మూత్రం వచ్చిందని చెప్పారు. కిడ్నీ ఎలా పనిచేస్తోందో రక్తంలో చూసే లెక్క క్రియాటినిన్, అది పెరిగితే కిడ్నీ పని తగ్గినట్టు. వారంలో అది 1.1కి దిగింది. మూత్రనాళంలో పెట్టిన స్టెంటు అనే సన్నని గొట్టాన్ని కొన్ని వారాల తర్వాత తీశారు. మొదట్లో పరీక్షలు దగ్గర దగ్గరగా ఉంటాయి కనుక హైదరాబాద్‌లో ఆస్పత్రి దగ్గరే ఒక గది కిరాయికి తీసుకున్నాం. ఆ గదిలో నేను వంట నేర్చుకున్నాను. నీళ్లు కాచి చల్లార్చడం, తాగిన నీళ్లు ఎన్ని, పోసిన మూత్రం ఎంత అని కొలిచి రాయడం, పొద్దున్నే బరువు, బీపీ, జ్వరం చూసి రాయడం నా పని. నోటు పుస్తకం ఎప్పుడూ దిండు కిందే ఉండేది.

మందుల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తర్వాత వచ్చిన చిక్కులన్నిటికీ మూలం అక్కడే ఉంది. మన ఒంట్లోని రక్షణ శక్తి కొత్త కిడ్నీని బయటి వస్తువుగా చూస్తుంది. దాన్ని తరిమేయాలనే చూస్తుంది. అలా కాకుండా టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, ప్రెడ్నిసోలోన్ అనే మూడు మందులు ఇచ్చారు. కిడ్నీ పనిచేసినన్నాళ్లూ ఇలాంటి మందులు వాడాల్సిందే. వీటిలో టాక్రోలిమస్‌ది కచ్చితమైన లెక్క. పన్నెండు గంటలకోసారి వేయాలి. రక్తంలో అది ఎక్కువైతే కిడ్నీకే దెబ్బ, చేతులు వణుకుతాయి. తక్కువైతే ఒళ్లు కిడ్నీని తిరస్కరిస్తుంది. అందుకే టాక్ లెవెల్ అనే పరీక్ష. దానికి రక్తం పొద్దుటి మాత్ర వేయకముందే ఇవ్వాలి. మేం తొమ్మిదికి, తొమ్మిదికి పెట్టుకున్నాం. ఊరికి తిరిగొచ్చాక పరీక్ష రోజున తెల్లవారకముందే బయల్దేరి, నార్కట్‌పల్లి, చౌటుప్పల్ మీదుగా తొమ్మిదిలోపు ల్యాబుకు చేరేవాళ్లం. మాత్ర సంచిలో ఉండేది. రక్తం ఇచ్చాకే నోట్లో వేసుకునేది.

ఈ మందు చాలా మందులతో పడదు. కొన్ని యాంటీబయోటిక్‌లు, ఫంగస్ మాత్రలు దాని లెవెల్‌ను ఒక్కసారిగా పెంచుతాయి. టీబీకి వాడే రిఫాంపిసిన్ తగ్గిస్తుంది. పంపరపనస తినొద్దన్నారు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు నేరుగా కిడ్నీకే చెడు. మా ఊరి ఆర్‌ఎంపీ మంచి మనిషి, అర్ధరాత్రి పిలిచినా వస్తాడు. ఒకసారి ఆమెకు నడుం పట్టేస్తే "ఒక సూదేస్త, పొద్దుగాలకు తక్కువైతది" అన్నాడు. వద్దన్నాం, ఎందుకో చెప్పాం. ఆయన ఏమీ అనుకోలేదు. ఏ మందులు పడవో ఒక కాగితం మీద రాయించుకుని తన సంచిలో పెట్టుకున్నాడు.

ఊళ్లో అన్నిటికంటే కష్టమైంది చూడ్డానికి వచ్చేవాళ్లను ఆపడం. మన దగ్గర మనిషి ఆస్పత్రి నుంచి వస్తే పండ్లు పట్టుకుని పలకరించకుండా ఉండరు. వాళ్లది ప్రేమే. కానీ ఆమె ఒంట్లో రక్షణ శక్తిని మేమే మందులతో తగ్గించి పెట్టాం. ఎవరి దగ్గు ఎటు పోతుందో తెలియదు. వాకిట్లో కుర్చీలు వేశాం, ఆమె మాస్కుతో కిటికీ దగ్గర కూర్చుని మాట్లాడేది. మొహం చాటేశారని ఒకరిద్దరు బంధువులు చిన్నబుచ్చుకున్నారు. పేడ, మట్టి, ఎండుగడ్డి దుమ్ముకు దూరంగా ఉండమన్నారు కనుక తోటలోకి వెళ్లడమూ లేదు. ఆ దసరాకు బతుకమ్మ ఆడే గుంపులోకి కూడా పోలేదు. వదినె వాళ్లు వాకిట్లోనే బతుకమ్మను పెట్టి నాలుగు పాటలు పాడి వెళ్లారు.

అన్నీ కుదురుకున్నాయనుకున్న సమయంలో జ్వరం వచ్చింది. పెద్ద జ్వరం కాదు, నూరు దాటితే కొంచెం. కానీ మంచం దిగలేనంత నీరసం, అన్నం సహించకపోవడం, విరేచనాలు. ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ మేడమ్‌కు ఫోన్ చేస్తే ఒకటే మాట: "ఇక్కడికే తీసుకురండి, దారిలో ఏ మందూ వేయొద్దు." రక్తంలో తెల్లకణాలు బాగా పడిపోయాయి. సీఎంవీ అనే వైరస్ అని పీసీఆర్ పరీక్షలో తేలింది. డాక్టర్ గారు బొమ్మ గీసి మరీ చెప్పారు. ఈ వైరస్ మనలో చాలామందికి చిన్నప్పుడే సోకి, ఒంట్లో నిద్రపోతూ ఉంటుందట. ఆరోగ్యవంతులను సాధారణంగా ఏమీ చేయదు. రక్షణ శక్తి తగ్గినప్పుడు లేస్తుంది. అది రాకుండా మొదటి నెలల్లో వాల్‌గాన్‌సైక్లోవిర్ మాత్ర ఇచ్చారు. ఆ మాత్ర ఆపిన కొన్ని వారాలకే ఇది మొదలైంది. అలా జరగడం అరుదేమీ కాదన్నారు.

విరేచనాల వల్ల టాక్రోలిమస్ లెవెల్ కూడా పెరిగిపోయింది. మామూలుగా ఆలోచిస్తే కడుపులో నిలవకపోతే మందు తగ్గాలి కదా అనుకుంటాం. దీని విషయంలో తరచుగా పెరుగుతుంది. కనుక విరేచనాలు పట్టుకుంటే ఇంట్లో కూర్చోకూడదు, లెవెల్ చూపించుకోవాలి. గాన్‌సైక్లోవిర్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. టాక్రోలిమస్ మోతాదు తగ్గించారు. తెల్లకణాలు పెరగాలని మైకోఫెనోలేట్ ఆపేశారు. జ్వరం దిగింది, అన్నం తిన్నది, ఇంటికొచ్చాం.

ఆ తర్వాతి పరీక్షలో క్రియాటినిన్ 1.9.

అప్పుడు అర్థమైంది నాకు ఈ జబ్బు నడక. కిడ్నీని కాపాడే మందు పెంచితే రోగాలు వస్తాయి, రోగాల కోసం ఆ మందు తగ్గిస్తే ఒళ్లు కిడ్నీ మీదికి పోతుంది. కావడి మోసినట్టే. ఒకవైపు బరువు తీస్తే రెండో వైపు కిందికి దిగుతుంది. డాక్టర్లు ఏదో తప్పు చేశారని మా బంధువుల్లో కొందరు అన్నారు. నేను అలా అనుకోలేదు, ఇప్పటికీ అనుకోను. ఆ రోజు తెల్లకణాలు ఆ స్థాయిలో ఉంటే మందు ఆపకుండా ఉండడమే ప్రమాదం.

కారణం తేలాలంటే బయాప్సీ చేయాలన్నారు. పేరు వింటేనే మేం వణికాం గానీ, మార్చిన కిడ్నీ చర్మానికి దగ్గరగానే ఉంటుంది. వెల్లకిలా పడుకోబెట్టి, అక్కడికే మత్తు ఇచ్చి, స్కానింగ్‌లో చూస్తూ సన్నని సూదితో చిన్న ముక్క తీశారు. తర్వాత గంటల తరబడి కదలకుండా పడుకోవాలి, మూత్రంలో రక్తం పడుతోందా చూడాలి. ఆమెకు పడలేదు. రిపోర్టులో రిజెక్షన్ అని వచ్చింది, అంటే ఒళ్లు కిడ్నీని తిరస్కరిస్తోందని. ఆ మాట వినగానే కిడ్నీ పోయిందనుకున్నాను. పోలేదు. తొందరగా పట్టుకుంటే చాలా రిజెక్షన్లు మందులకు లొంగుతాయి. మిథైల్ ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్‌ను పెద్ద మోతాదులో మూడు రోజులు సెలైన్‌లో ఎక్కించారు. వైరస్ మళ్లీ లేవకుండా వాల్‌గాన్‌సైక్లోవిర్ పక్కనే నడిచింది.

ఆ మూడు రోజుల్లో నన్ను ఎక్కువ బాధపెట్టింది అత్తమ్మ. వార్డు బయట మెట్ల మీద కూర్చుని, "నా కిడ్నీ మంచిగ లేదా అల్లుడా? ముసలిదాన్నని పనికి రాలేదా?" అని అడిగింది. కడుపు కోయించుకుని ఇచ్చిన మనిషి తనదే లోపమని కుమిలిపోతోంది. నేనెంత చెప్పినా నమ్మలేదు. డాక్టర్ గారిని పిలిస్తే ఆయన వచ్చి ఆమె పక్కన అదే మెట్టు మీద కూర్చున్నారు. "అమ్మా, మీ కిడ్నీ బంగారం. అది బయటి నుంచి వచ్చింది కాబట్టే మీ బిడ్డ ఒళ్లు దాన్ని గుర్తుపట్టి కొట్లాడుతోంది. ఆ కొట్లాట ఆపే పని మాది" అన్నారు. అత్తమ్మ ఆ పూట అన్నం తిన్నది. దాతల మనసు గురించి ఎవరూ మాట్లాడరు. రోగి ఫైలులో ప్రతి కాగితం ఉంటుంది, దాత లోపల నలిగేది ఏ కాగితంలోనూ ఉండదు. కిడ్నీ ఇచ్చినవాళ్లకు ఏం జరుగుతోందో ఎప్పటికప్పుడు ఇంట్లోవాళ్లే చెప్పాలి. దాచితే వాళ్లు ఇంకా పెద్దది ఊహించుకుంటారు.

క్రియాటినిన్ మెల్లగా దిగి 1.4 దగ్గర నిలబడింది. ఇక నుంచి అదే మన లెక్క అన్నారు, 1.1 కోసం ఎదురుచూడొద్దన్నారు. మైకోఫెనోలేట్‌ను కొంచెం కొంచెంగా మళ్లీ పెంచారు.

కానీ ఆ స్టెరాయిడ్‌తో షుగర్ వచ్చింది. టాక్రోలిమస్ కూడా షుగర్ తెచ్చే మందే, రెండూ కలిశాయి. స్టెరాయిడ్ షుగర్‌కు ఒక తీరు ఉంది. పొద్దున మాత్ర వేస్తారు కనుక పరగడుపున మామూలుగా కనిపించి, మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఎగబాకుతుంది. పరగడుపు పరీక్ష ఒక్కటే చేయించుకుంటే బయటపడకపోవచ్చు. మేం మీటరు కొని భోజనాల తర్వాత కూడా చూశాం. కొన్నాళ్లు ఇన్సులిన్ వేశాను, తర్వాత మాత్రల మీదికి మారింది. మధ్యాహ్నం అన్నం తగ్గించి జొన్నరొట్టె పెట్టాం.

మందులు ఒంటి మీద చేసే పని ఒకటైతే మనసు మీద చేసేది ఇంకొకటి. మొహం ఉబ్బింది, జుట్టు రాలింది, చేతుల వణుకుకు టీ గ్లాసు పట్టుకోలేకపోయేది. స్టెరాయిడ్ ఎక్కువ ఉన్న రోజుల్లో రాత్రి నిద్ర లేదు, చిన్నదానికే కోపం, వెంటనే ఏడుపు. అద్దం మీద చీర కప్పేసింది. అది ఆమె స్వభావం కాదు, మందు పని అని డాక్టర్ చెప్పాక నాకు తట్టుకునే బలం వచ్చింది. ఆ మాటే మా బిడ్డకూ చెప్పాను, ఎందుకంటే అమ్మ తనను తిట్టిందని ఆ పిల్ల మూలకు పోయి కూర్చునేది. మోతాదు తగ్గేకొద్దీ నిద్ర వచ్చింది, మొహం కూడా చాలావరకు దిగింది.

ఖర్చు సంగతి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. కిడ్నీ మార్పిడి ఆ పథకంలో ఉంది. ఆపరేషన్‌కు ముందే ఆస్పత్రిలో ఈ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను కలిసి, తర్వాతి మందులు ఏవి వస్తాయి, ఏవి రావు అని కాగితం మీద రాయించుకోవాలి. వైరస్ మందులు, టాక్ లెవెల్ పరీక్షలు, ప్రయాణాలు, గది కిరాయి మేం చేతి నుంచే పెట్టుకున్నాం. దానికోసం ఆ ఏడు బత్తాయి కాపు ముందే గుత్తకిచ్చాను. ఆపరేషన్‌కు ఎంత కూడబెడతారో దాని తర్వాతి ఏడాదికీ అంత పక్కన ఉండాలని నా లెక్క.

ఇప్పుడు మా దినచర్య తేలికైంది. రెండు తొమ్మిదులకు ఫోన్‌లో అలారం మోగుతుంది. ఆమె పర్సులో, నా జేబులో, బిడ్డ బడి సంచిలో మందుల పేర్లు, మోతాదులు, కోఆర్డినేటర్ నంబరు ఉన్న కాగితం ఉంది. కనీసం పదిరోజుల మాత్రలు ఇంట్లో ఉండగానే కొత్తవి తెస్తాం. నల్లగొండలో ఒక్కోసారి దొరకవు, దొరికినా కంపెనీ మారుతుంది, కంపెనీ మారితే లెవెల్ మళ్లీ చూడాలి. పరీక్షకు పోయినప్పుడల్లా అత్తమ్మను కూడా తీసుకుపోతున్నాం అనుకునేరు, ఆమెకు అంత అవసరం లేదు. ఏడాదికోసారి బీపీ, క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్ చూపిస్తే చాలన్నారు. ఈ ఏటి పరీక్ష సంక్రాంతి తర్వాత చేయించాలి, తారీఖు రాసి పెట్టుకున్నాం.