జాబితాలో లేని పిల్ల

మా అమ్మాయి మీద బడిలో ఎవరూ ఎప్పుడూ ఫిర్యాదు చేయలేదు. అదే చిక్కయింది. అల్లరి చేసే పిల్లవాడైతే రెండో తరగతిలోనే మమ్మల్ని పిలిపించి ఉండేవారు. ఈ పిల్ల నోరు మెదపదు, బెంచీ దిగదు, టీచరు వైపే చూస్తూ ఉంటుంది. చెప్పింది మాత్రం చెవిదాకా వచ్చి ఆగిపోతుంది. ప్రోగ్రెస్ కార్డులో ఏటా ఒకటే వాక్యం: మంచి పిల్ల, శ్రద్ధ పెడితే ఇంకా బాగా చదవగలదు. నాలుగో తరగతికి వచ్చేసరికి తెలిసిన లెక్కనే సగంలో వదిలేయడం, ప్రశ్నపత్రం వెనుక పేజీ తిప్పకుండానే ఇచ్చేసి రావడం, పెన్సిళ్ళ డబ్బాలు వరసగా పోగొట్టుకోవడం, స్నానానికని వెళ్ళి బకెట్టు ముందు నిలబడిపోవడం, ఇవన్నీ కలిపి చూస్తే బద్ధకం అన్న మాట చాలదనిపించింది. మా అత్తగారు మాత్రం, "దీని తండ్రీ చిన్నప్పుడు ఇంతే. పెద్దయ్యాక సర్దుకున్నాడు" అన్నారు. ఎంతవరకు సర్దుకున్నారో రోజూ చూస్తున్నదాన్ని కాబట్టి ఏమీ అనలేదు.

కాకినాడ నుంచి విశాఖపట్నం వెళ్ళి పిల్లల మానసిక వైద్యురాలికి చూపించాం. స్కాన్ తీసి తేల్చేస్తారని మా వారి నమ్మకం. ఆవిడ అనుమానించినది ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం వంటి లక్షణాలున్న స్థితి. దానికి అలాంటి పరీక్ష ఏదీ లేదు. చూపు, వినికిడి, థైరాయిడ్, రక్తహీనత, నిద్ర, వీటిలో లోపం లేదని ముందు చూసుకున్నారు. ఆ తరువాత మాకొక ప్రశ్నావళి, క్లాసు టీచరుకొకటి ఇచ్చారు. లక్షణాలు కనీసం రెండు చోట్ల, అంటే ఇంట్లోనూ బడిలోనూ కనిపించాలి. పన్నెండేళ్ళలోపే మొదలై ఉండాలి. ధ్యాసకు సంబంధించి చెప్పుకునే తొమ్మిది లక్షణాల్లో పిల్లలకైతే ఆరు ఉండాలి, పదిహేడేళ్ళు నిండినవారికి అయిదు చాలు.

టీచరు చేత ఆ ఫారం నింపించడమే అన్నిటికంటే ఎక్కువ కాలం పట్టింది. "ఇది రాస్తే రేపు నా మీదికి వస్తుందేమోనండీ" అన్నారావిడ. నేను ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుని. సంతకం అంటే పుట్టే ఆ భయం నాకు కొత్త కాదు. "ఇది టీచరు గమనించిన విషయాలు మాత్రమే, నిర్ణయం డాక్టరుది" అని ఫారం పైన రాసి నేను సంతకం చేశాను. మర్నాడే నింపి ఇచ్చారు.

డాక్టరు చెప్పినది క్లుప్తంగా ఇది. ఏడీహెచ్‌డీ అంటే గెంతులు వేయడం ఒక్కటే కాదు. కుదురుగా కూర్చుంటూనే ధ్యాస నిలవనిది ఒక రకం. ఆడపిల్లల్లో ఇది తరచు కనిపిస్తుంది, ఎవరినీ ఇబ్బంది పెట్టరు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. ప్రపంచవ్యాప్తంగా పిల్లల్లో అయిదు శాతం వరకు ఈ స్థితి ఉంటుంది. టీవీ వల్లనో తల్లి ఉద్యోగం వల్లనో వచ్చేది కాదు. కవలల మీద జరిగిన అధ్యయనాల్లో దీని వెనుక వంశపారంపర్యం పాలు డెబ్బై శాతం పైనే అని తేలింది. ఆ మాట చెబుతూ ఆవిడ మా వారి వైపు తిరిగి, "మీ చిన్నతనం గురించి చెప్పండి" అన్నారు. ఆయన చెప్పడం మొదలుపెట్టారు. చాలాసేపు ఆపలేదు.

మందు సంగతి తొందరగా చెప్పేస్తాను. డాక్టరు రాసిన మిథైల్‌ఫెనిడేట్ 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మత్తుమందుల నియంత్రణ చట్టం కిందికి వచ్చే మందు. డాక్టరు చీటీ లేకుండా ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. చాలా దుకాణాల్లో అసలు తెప్పించరు. కొన్నిచోట్ల చీటీ వంక, నా ముఖం వంక మార్చి మార్చి చూశారు. మాత్ర వేసుకున్నాక ఆకలి మందగిస్తుంది. అందుకని పొద్దున్నే కడుపునిండా పెట్టి ఆ తరువాతే మాత్ర ఇస్తాం. ఎత్తు, బరువు, రక్తపోటు, నాడి ఎప్పటికప్పుడు రాసి ఉంచుతాను. మందుతో పిల్ల మారిపోలేదు. మొదలుపెట్టిన లెక్క చివరిదాకా వెళ్తోంది, అంతే. ఆ అంతేకు విలువ ఎంతో ఆ బాధ పడ్డవాళ్ళకు తెలుస్తుంది. కానీ క్లాసులో ఆమె ఎక్కడ కూర్చోవాలి, హోంవర్కు ఎలా అందాలి, తోటి పిల్లలు ఏమని పిలవాలి అన్నవి మాత్ర వేస్తే తేలే విషయాలు కావు.

బడి యాజమాన్యం "కాగితం తెండి, చూద్దాం" అంది. వైకల్య ధ్రువపత్రం కోసం వాకబు చేశాను. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లో జాబితా ఇరవై ఒక్క వైకల్యాలది. 1995 చట్టంలో ఏడే ఉండేవి. కొత్తగా చేరినవాటిలో ఆటిజం ఉంది, చదవడం రాయడంలో వచ్చే అభ్యసన వైకల్యం ఉంది. ఏడీహెచ్‌డీ పేరు లేదు. దానితోపాటు అభ్యసన వైకల్యం కూడా ఉన్న పిల్లలకు ఆ దారిన ధ్రువపత్రం దొరుకుతుంది, పరీక్షలో గంటకు ఇరవై నిమిషాల చొప్పున అదనపు సమయమూ దొరుకుతుంది. మా పిల్లకు అది లేదు. విచిత్రం ఏమిటంటే, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల్లో ముందుగా గుర్తించాల్సిన ముప్పై సమస్యల జాబితాలో ఏడీహెచ్‌డీ ఉంది. ఒక శాఖ వెతికి పట్టుకోమంటుంది, ఇంకో చట్టం పేరు చెప్పదు. మా ఆఫీసులో ఇలాంటి ఫైలు వస్తే రెండు శాఖలకూ తిరిగి రాసేవాళ్ళం.

అయితే అదే చట్టాన్ని మొదటి పేజీల నుంచి చదివితే ఇంకో సంగతి కనిపించింది. దీర్ఘకాలిక లోపం ఉండి, చుట్టూ ఉన్న అడ్డంకుల వల్ల ఇతరులతో సమానంగా పాల్గొనలేకపోతున్న వ్యక్తి అన్నది అందులోని నిర్వచనం. పదహారో సెక్షన్ పిల్లల అవసరాన్ని బట్టి సహేతుకమైన సర్దుబాట్లు చేయాలంటుంది. పైగా 2021లో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, వైకల్యం నలభై శాతం గీత దాటలేదన్న కారణంతో పరీక్షలో లేఖకుడి సాయం నిరాకరించడం తప్పని చెప్పింది. అది చేతి రాత కష్టమైన అభ్యర్థి కేసు, మాది కాదు. అయినా ధ్రువపత్రం లేకపోతే అడగడానికే హక్కు లేదనే మాట నిలవదని ధైర్యం వచ్చింది.

ధైర్యం వచ్చింది కానీ చట్టం పట్టుకుని ప్రధానోపాధ్యాయురాలి మీదికి వెళ్ళలేదు. ఫైళ్ళ మధ్య పెరిగిన బుద్ధి నాది. "తగిన చర్య తీసుకోగలరు" అని రాసిన ఉత్తరానికి ఎవరూ ఏ చర్యా తీసుకోరని నాకు తెలుసు. "మా పిల్లను అర్థం చేసుకోండి" అనేదీ అలాంటిదే. పాపం ఆ టీచరు ఏమని అర్థం చేసుకోవాలి, సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఏం చేయాలి? అందుకే డాక్టరు ఉత్తరానికి జతగా ఒకే పేజీలో చేయదగిన పనులు మాత్రమే రాశాను. కిటికీకి దూరంగా, రెండో వరసలో సీటు. ఏదైనా చెప్పేముందు పేరు పిలిచి, ఆమె చూశాక ఒక్కొక్క మాటే చెప్పడం. హోంవర్కు నోటితో కాకుండా బోర్డు మీద రాయడం. గంటకోసారి సుద్దముక్కలు తెమ్మనో హాజరు పుస్తకం ఇచ్చి రమ్మనో లేపి పంపడం. పరీక్షలో కాగితం తీసుకునేముందు "వెనుక పేజీ చూశావా?" అని ఒక్క ప్రశ్న. దేనికీ పైసా ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కరలేదు. నెల తరువాత ఏది పనిచేసిందో ఏది పనిచేయలేదో మాట్లాడుకుందామని చివర్లో తేదీ వేశాను. తేదీ లేని ఉత్తరానికి ప్రాణం ఉండదు.

టీచరు ఆ కాగితాన్ని హాజరు పుస్తకంలో పెట్టుకున్నారు. బోర్డు మీద రాసే హోంవర్కు వల్ల క్లాసులో ఇంకెంతమంది పిల్లల డైరీలు నిండుతున్నాయో ఆవిడే తరువాత చెప్పారు.

విశాఖపట్నంలో డాక్టరు కోసం వేచి ఉండే చోట మా ఊరివాళ్ళే మరో రెండు కుటుంబాలు కలిశాయి. ఆదివారాలు మా కాలనీ కమ్యూనిటీ హాల్లో కూర్చుందాం అనుకున్నాం. తాళం అడిగితే సంఘం కార్యదర్శి, "మతిలేని పిల్లల మీటింగని పేరు పడుతుందేమోనమ్మా" అన్నారు, అదీ మర్యాదగానే. "పిల్లల చదువు గంట అని రాసుకోండి" అన్నాను. దీని మీద మాలో మాకే గొడవ వచ్చింది. పేరు దాచడమంటే సిగ్గుపడాల్సిన విషయమని ఒప్పుకున్నట్టే కదా అని ఒక తల్లి నిలదీసింది. ఆమె మాటలో న్యాయం ఉంది. చివరికి మేం తేల్చుకున్నది ఏమిటంటే, పేరు చదువు గంటే, కానీ కాలనీ పిల్లలెవరైనా రావచ్చు. ఎవరికి ఏముందో ఎవరూ అడగరు.

అలా అనుకోకుండా కుదిరిన ఆ ఏర్పాటే మాకు బాగా పనిచేసింది. పదిహేను నిమిషాలు పని, అయిదు నిమిషాలు ఆట, మళ్ళీ గంట మోగితే పని. పక్కన ఇంకొకరు నిశ్శబ్దంగా తమ పని చేసుకుంటూ ఉంటే ధ్యాస నిలవడం తేలిక. అందుకని పెద్దవాళ్ళూ ఏదో ఒక పని తెచ్చుకోవాలన్నది నియమం. మా వారు ఏళ్ళ తరబడి వాయిదా వేసిన బీమా కాగితాలు అక్కడే పూర్తి చేశారు. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలు, లేని పిల్లలు ఒకే చాప మీద కూర్చుని రాసుకుంటూ ఉంటే కార్యదర్శిగారి మనవడు కూడా వచ్చి చేరాడు. ఆ తరువాత తాళం చెవి అడగాల్సిన అవసరం రాలేదు.

తల్లిదండ్రుల సమావేశం వేరు. మొదట్లో అది ఏడుపుల సభగా సాగింది. అదీ అవసరమే, కాదనను. తరువాత కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. పిల్లల పేర్లు హాలు దాటకూడదు. మందు మోతాదు గురించి ఒకరికొకరు సలహా చెప్పకూడదు. జ్ఞాపకశక్తి పొడి అమ్ముకోవడానికి వచ్చినవారికి మంచినీళ్ళు ఇచ్చి పంపేయాలి. మందు వద్దనుకున్న కుటుంబం ఒకటి ఉంది. వారిని ఒప్పించే పని ఎవరికీ అప్పగించలేదు. విశాఖ ప్రయాణం భరించలేనివారికి పిల్లల ఎదుగుదల సమస్యలను చూసే, జిల్లా ఆసుపత్రుల్లోని సత్వర చికిత్సా కేంద్రాల గురించి, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో ఉన్న భవిత కేంద్రాల గురించి చెబుతాం. రాత్రిపూట దిక్కుతోచనప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు, ఉచితం.

మా అత్తగారికి ఇంకో బెంగ. "ఆడపిల్ల. రేపు సంబంధాలు చూసేటప్పుడు ఎవరో ఒకరు ఈ సంగతి తీస్తారు" అన్నారు. దాన్ని చాదస్తమని కొట్టిపారేయడం నాకు సబబనిపించలేదు. ఈ ఊళ్ళో అలాంటి మాటలు ఎంత దూరం వెళ్తాయో ఆవిడకే బాగా తెలుసు. ఎవరికి చెప్పాలో ఎవరికి అక్కరలేదో మేం తర్జనభర్జన పడుతూ ఉంటే, పిల్ల అప్పటికే తన స్నేహితురాళ్ళిద్దరికీ చెప్పేసిందని తెలిసింది. ఏమని చెప్పావే అంటే, "నాకు రెండోసారి చెప్పాలి అని చెప్పాను" అంది. వాళ్ళు రెండోసారి చెబుతున్నారు.

ఒక ఆదివారం తెలిసినవారి ద్వారా ఒక యువకుడు వచ్చాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఇరవై తొమ్మిదో ఏట తనకు ఏడీహెచ్‌డీ అని తెలిసిందట. ఖాతాలో డబ్బుండగానే కరెంటు బిల్లు కట్టక ఇంట్లో దీపాలు ఆరిపోవడం, వదులుకున్న ఉద్యోగాలు, నిలబడని స్నేహాలు, అన్నీ తడబడకుండా చెప్పాడు. ఒక తండ్రి, "మరి ఇంజనీరింగ్ ఎలా గట్టెక్కావు బాబూ?" అని అడిగాడు. "భయంతోనండీ. పరీక్ష ముందు రాత్రి భయం వేస్తే తప్ప నాకు పుస్తకం తెరుచుకునేది కాదు. భయపెట్టేవాళ్ళు లేని పని ఏదీ ఇప్పటికీ పూర్తి చేయలేను" అన్నాడు. ఆ తండ్రి మరేమీ అడగలేదు. కొడుకు లెక్కల పుస్తకం పక్కన స్కేలు పెట్టుకుని కూర్చునే మనిషి ఆయన.

బడిలో ఉపాధ్యాయులతో మాట్లాడే అవకాశం కూడా వచ్చింది, సాయంత్రం వేళ, అందరికీ ఇంటికి వెళ్ళే తొందర. ఒక మాస్టారు లేచి, "మీ ఒక్క పిల్ల సరేనమ్మా, మిగతా నలభై మంది సంగతేమిటి?" అని అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. పిల్లకో టీచరును పెట్టమని మేం అడగడం లేదు. బోర్డు మీద రాయడం, పేరు పిలిచి చెప్పడం నలభై మందికీ పనికొస్తాయి, ఇద్దరు ముగ్గురికి మాత్రం అవి లేకపోతే గడవదు. ఆ మాటే చెప్పాను. ఆయన ఒప్పుకున్నారో లేదో తెలియదు గానీ, మధ్యాహ్నం పీరియడ్‌లో పిల్లలను నిలబడి రాసుకోనిస్తే ఎలా ఉంటుందని ఆయనే ఎదురు అడిగారు. అది మా కాగితంలో లేని ఉపాయం. రాసుకున్నాను.

వచ్చే ఏడు ఆరో తరగతి. ఉన్నత పాఠశాల, సబ్జెక్టుకో టీచరు. అందరితోనూ మొదటి నుంచి మాట్లాడుకు రావాలి. పాత కాగితం బయటికి తీసి ఈసారి ముందు పిల్లకే చూపించాను. పెన్ను తీసుకుని సుద్దముక్కలు తెమ్మనే వాక్యం కొట్టేసింది. అలా పంపడం అలవాటై టీచర్లందరూ పనులు తనకే చెబుతున్నారట, ఆటల పీరియడ్ పోతోందట. దాని స్థానంలో "నిలబడి రాసుకోనివ్వండి" అని రాసింది. ఆ మార్పుతోనే సబ్జెక్టుకొకటి చొప్పున ప్రతులు తీయించాను.