పోయిన బండి వెహికల్ చెకింగ్‌లో దొరికింది: నా అనుభవం

అమ్మకి కంటి పరీక్ష ఉండి, విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర రోడ్డు పక్కన నా స్ప్లెండర్ పెట్టి ఇద్దరం విశాఖ బస్సెక్కాం. సాయంత్రం వచ్చి చూస్తే బండి లేదు. 8 ఏళ్లు నడిపిన బండి, రోజూ పనికి దాని మీదే.

స్టేషన్‌లో ఆర్సీ జిరాక్స్, ఇన్సూరెన్స్, రెండో తాళం అడిగారు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదు ఇచ్చినవాళ్లకి ఉచితంగానే ఇవ్వాలి, మర్చిపోకుండా తీసుకోండి, తర్వాత ప్రతిచోటా అదే అడుగుతారు.

40 రోజులు గడిచాయి, ఇంట్లో అందరం ఆశ వదిలేసుకున్నాం. ఒకరోజు పొద్దున్నే స్టేషన్ నుంచి ఫోన్. రాత్రి రణస్థలం దగ్గర హైవే మీద పెట్రోలింగ్‌వాళ్లు హెల్మెట్ లేని ఒక కుర్రాణ్ణి ఆపారట. చలానా రాద్దామని నంబరు కొడితే అది ఎవరిదో స్కూటీ నంబరు, ఎదురుగా ఉన్నదేమో స్ప్లెండర్. 1000 రూపాయల చలానా రాసి పంపేయకుండా, టార్చి వేసి హ్యాండిల్ కింద గొట్టం మీదున్న ఛాసిస్ నంబరు తుడిచి చూశారు. ప్లేటు ఎవడైనా మారుస్తాడు గానీ ఫ్రేము మీద కొట్టిన ఆ 17 అక్షరాలు, అంకెలు మార్చడం అంత తేలిక కాదు. దాంతో నా పేరు బయటికొచ్చింది. ఆ స్కూటీ ఓనరుకి పాపం తను చేయని తప్పులకి ఎన్ని చలానాలు వెళ్లాయో, అందుకే మీ నంబరు మీద చలానాలు అప్పుడప్పుడు చూసుకోండి, ఫొటోలో బండి మీది కాకపోతే వెంటనే ఫిర్యాదు చేయండి.

దొరికింది కదా అని వెళ్లి తెచ్చేసుకోవడం కుదరదు, బండి కేసులో ఉంటుంది. మేజిస్ట్రేట్ కోర్టులో రిలీజ్ పిటిషన్ వేశాం. నా ఇన్సూరెన్స్ గడువు ఆ మధ్యలోనే అయిపోయింది, ముందు అది కట్టించమన్నారు లాయరు గారు. మా బావ జామీను నిలబడ్డాడు. బండికి ఫొటోలు తీసి, కేసు తేలేదాకా అమ్మనని, రంగు మార్చనని, పిలిస్తే కోర్టుకి తెస్తానని బాండు రాయించుకుని ఇచ్చారు.

రాత్రిపూట బండి ఆపితే ఇంతకుముందు నాకూ విసుగొచ్చేది, ఇప్పుడు రాదు. హైవే పక్కన లైట్లు లేకుండా ఆపేసిన లారీల్ని కదిలించేదీ ఈ గస్తీవాళ్లే, అలాంటి లారీని వెనకనుంచి గుద్ది పోయినవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు. చీపురుపల్లి, రాజాం రోడ్ల మీద కూడా హైవే మీద తిరిగినట్టే తిరగాలని నా కోరిక.

మొన్న రాత్రి మయూరి జంక్షన్ దగ్గర ఆపారు. డిజిలాకర్‌లో ఆర్సీ చూపించాను, రెండు నిమిషాల్లో వెళ్లమన్నారు. వెనకాల కూర్చున్న అమ్మ మాత్రం "ఈ బండి మీవాళ్లే పట్టుకున్నారు బాబూ" అని ఆ కానిస్టేబుల్‌కి కథంతా చెప్పేదాకా నన్ను కదలనివ్వలేదు.